పదకొండో అధ్యాయంలో కాలర్

జూన్ 9, 2025

ఈ డైరీ బ్యాంకు వాళ్ళు రిటైరైన అధికారులకు ఏటా పంపేది. మొదటి అయిదు నెలల పేజీల్లో దుర్గాంబ ధోక్లా, ఖాండ్వీ, ఉంధియూ లాంటి గుజరాతీ వంటల కొలతలు రాసుకుంది. ఇరవై రెండేళ్ళుగా సూరత్‌లో ఉంటూ మా ఆవిడ సంపాదించిన సంస్కృతి అది. మిగతా పేజీలు నావి. ఎవరితోనైనా చెప్పుకుందామంటే నా బాధ అర్థం చేసుకునే తాహతు ఈ ఊళ్ళో ఎవరికీ లేదు.

ఈ రోజు హారతి వచ్చింది. వడోద్ నుంచి రెండు బస్సులు మారి వచ్చానని గుమ్మంలోనే చెప్పింది, నేనేదో జాలిపడాలన్నట్టు. ఒకప్పటి నేతగాడు రాజమల్లు కూతురు. ఒక చీరల మిల్లుకి కంప్యూటర్ మీద పూలూ నెమళ్ళూ వేస్తుంది. మిగిలిన పొద్దంతా నాలుగేళ్ళుగా నా నవల మీద పడింది. ‘నిశ్శబ్ద మగ్గాలు’ను బొమ్మల సినిమా చేస్తానని అప్పట్లో అడిగితే, ఆర్నెల్లకి విసుగొచ్చి మానేస్తుందిలే అని సరే అన్నాను. మానలేదు. నలభై నిమిషాల సినిమా తయారైందట.

అదృష్టవశాత్తూ అప్పుడు రాసిచ్చిన కాగితంలో నేనొక షరతు పెట్టాను. ‘చిత్రము పూర్తయిన పిమ్మట రచయిత వీక్షించి, లిఖితపూర్వకముగా అంగీకరించిన తరువాతనే బయటకు పంపవలెను.’ ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో కాగితాలు రాసిన చెయ్యి ఇది. ఇప్పుడా అంగీకార పత్రం కావాలని వచ్చింది. ఏదో విదేశంలో బొమ్మల సినిమాల ఉత్సవానికి ఎంపికైందట. ఆగస్టు ముప్పై ఒకటి లోపల నా సంతకం చేరకపోతే జాబితాలోంచి తీసేస్తారట. ఎంపిక చేసినవాళ్ళు సినిమా చూసే చేశారా అని అడుగుదామనుకుని, మర్యాద కాదని ఊరుకున్నాను.

ల్యాప్‌టాప్‌లో మొదటి పది నిమిషాలు చూపించింది. నా నవలలో నేత కార్మికుడు మల్లయ్య చనిపోవడానికి రెండొందల పన్నెండు పేజీలు పడుతుంది. ఈ సినిమాలో మొదటి నిమిషంలోనే చస్తాడు. మగ్గం పక్కన దబ్బున పడతాడు. శేఠ్ వచ్చి గడియారం చూసుకుని, “బదిలీ వచ్చాడా?” అంటాడు. అవతలి పాళీ మనిషి ఇంకా రాలేదు. అప్పుడు శవం లేచి, మోకాళ్ళు దులుపుకుని, మళ్ళీ మగ్గం దగ్గర నిలబడుతుంది. పదినిమిషాల్లో మూడుసార్లు చచ్చి మూడుసార్లు లేచాడు. బదిలీ మనిషి వస్తేగాని కదలకూడదన్న ఆ కార్ఖానాల పద్ధతిని నేను మూడో అధ్యాయంలో ఎంత వేదనతో రాశానో నాకు తెలుసు.

దుర్గాంబ వంటింట్లోంచి వచ్చి, నిలబడి చూసి, నవ్వింది. నేను ఆవిడ వంక చూశాను. అయినా నవ్వింది.

“ఇది నవ్వే విషయమా అమ్మా?” అని హారతిని అడిగాను.

“మరి ఏడ్సుడెందుకు సార్? బదిలీ రాకపోతె సచ్చేటందుకు గూడ ఛుట్టీ దొరకదని మా దిక్కు అందరికి ఎర్కనే గద,” అంది.

ఆలోచించి చెప్తానన్నాను.

జూన్ 10

ఆలోచించడానికేమీ లేదు.

జూన్ 14

అసలు విషయం ఒకచోట రాసి పెట్టుకోవడం మంచిది. రేపెవరైనా అడిగితే.

పదమూడేళ్ళ క్రితం నేను ఉధనా బ్రాంచిలో మేనేజరుగా ఉండగా రాజమల్లు మా ఖాతాదారు. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన నేతగాడు. మీ కార్ఖానా చూపించమని నేనే అడిగాను. నేత మీద నవలలు రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళలో ఎంతమంది మగ్గాలు నడుస్తుండగా లోపలికి వెళ్ళారో చెప్పమనండి. నేను వెళ్ళాను. దాదాపు అరగంట ఉన్నాను. నలభై మగ్గాలు ఒక్కసారిగా కొట్టుకుంటుంటే చెవుల్లో మేకులు దిగుతున్నట్టుంది. అక్కడ నిలబడి నేను నోట్సు రాసుకుంటున్నాను. అప్పుడు రాజమల్లు తన మగ్గం వదిలి వచ్చి నా కాలర్ పట్టుకున్నాడు.

పట్టుకుని ఊపేశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏదో అన్నాడు, మళ్ళీ అన్నాడు, మూడోసారి అన్నాడు. ఆ మోతలో ఒక్క అక్షరం వినపడలేదు. వినపడనక్కర్లేదు. కొన్ని మాటలు వినపడకుండానే అర్థమవుతాయి. నేను తల ఊపాను, అవును, నీ కోపం న్యాయమైనదే అని. తరతరాల ఆక్రోశం ఆ పిడికిట్లో నాకు తెలిసింది. ఇంటికొచ్చి నాలుగు పేజీల సంభాషణ ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. అదే పదకొండో అధ్యాయం. ‘నీ చొక్కా నేసింది నేను, నా ఒంటి మీద చొక్కా ఏదీ?’ అనే వాక్యం దగ్గర విజయవాడ సభలో ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకున్నారు. ఆ ఏడు పురస్కారం వచ్చింది. శాలువా ఇప్పటికీ బీరువాలో ఉంది.

ఆ రోజు వేసుకున్న గంధం రంగు చొక్కా కూడా చిరిగింది. అదెప్పుడో పారేశాను.

ఆ తర్వాత కూడా మూడుసార్లు కార్ఖానాకి వెళ్ళాను, మగ్గాలు ఆగి ఉండే సెలవు రోజుల్లో. అప్పుడే గదా పరిశీలన కుదిరేది.

జూన్ 22

హారతి మొత్తం సినిమా ఫోన్‌కి పంపింది. పద్దెనిమిదో నిమిషం దాకా చూశాను.

పద్దెనిమిదో నిమిషంలో బ్యాంకు మేనేజరు వస్తాడు. నా నవలలో ఆ పాత్ర మౌనంగా కథ చెప్పే సాక్షి. ఇక్కడ గుండ్రంగా, పొట్టిగా, చంకలో నోటుపుస్తకంతో ఉన్నాడు. మీసం పెదవుల్ని మూసేసింది. మెడ స్థానంలో స్ప్రింగు. ఎవరు నోరు తెరిచినా తల ఊగుతుంది. శేఠ్ తిట్టినా ఊగుతుంది, మల్లయ్య చచ్చినా ఊగుతుంది, కుక్క ఆవులించినా ఊగుతుంది.

“ఈయన అచ్చం...” అని దుర్గాంబ మొదలుపెట్టి, స్టవ్ మీద ఏదో ఉందని లోపలికి వెళ్ళింది. స్టవ్ మీద ఏమీ లేదు.

కట్టేశాను. చేతకానివాళ్ళు వెక్కిరిస్తారు. గీత గీయడం వస్తే చాలు, ఎవరినైనా కోతిని చెయ్యవచ్చు.

జూన్ 23

నేను ఆలోచిస్తూ వింటాను. దాన్ని తల ఊపడం అనరు.

జూన్ 25

ఫోన్లో మాట్లాడేటప్పుడు కూడా తల ఊపుతానట. ఇది దుర్గాంబ చెప్పింది, నేను అడగకుండానే.

జూలై 6

తెలుగు సంఘం సమావేశం. ఉగాదికి పులిహోర, దీపావళికి లడ్డూ, మధ్యలో ఎవరైనా రిటైరైతే బొకే. సాహిత్యమంటే వీళ్ళకి నేనే. ఆ సంగతి నాకెంత బాధ కలిగిస్తుందో వీళ్ళకి తెలియదు.

కార్యదర్శి ఓంప్రకాష్ హజీరాలో ఇంజనీరు. సినిమా సంగతి ఆయనకెలాగో తెలిసి, మన ఊరి పిల్ల కదా, సన్మానం చేద్దామన్నాడు. అప్పుడు చెప్పాను అందరికీ. ఇది నేతగాళ్ళ చావుని ఎగతాళి చేసే సినిమా అని. నేను వాళ్ళ కోపాన్ని స్వయంగా అనుభవించినవాణ్ణని. రాజమల్లు ఆ రోజు నా కాలర్ పట్టుకుని గోడకి నొక్కిపెట్టి అన్న మాటలే నా నవల అని. ఒకాయన నిట్టూర్చాడు కూడా.

ఓంప్రకాష్ మటుకు ఇంజనీరు బుద్ధి చూపించాడు. “అయితే సార్, నేతవాళ్ళకే చూపిద్దాం. పాండేసరా దగ్గర వాళ్ళ సమాజ్ వాడీ ఉంది గదా, పెళ్ళిళ్ళు చేసుకునేది, అందులో వేద్దాం. వాళ్ళకి కోపమొస్తే మీ మాటే నిజమైనట్టు. రాకపోతే సంతకం పెట్టేయండి.”

అందరి ముందూ అడిగాడు. సరే అన్నాను. అనడానికి నాకేం భయం? తమ చావు చూసి తాము నవ్వే జనం ఎక్కడైనా ఉంటారా?

జూలై 7

హారతికి ఫోన్ చేసి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను.

“మంచిగయితది సార్. నేను గూడ మావోళ్ళకే ఫస్ట్ చూపియ్యాలనుకున్న. మీరు పర్మిషన్ ఇయ్యరని అడగలె,” అంది.

ఈ కాలం పిల్లలకి మొండితనమే ధైర్యం.

జూలై 11

తల ఊపకుండా వినడం సాధన చేశాను. మెడ పట్టేసింది.

జూలై 27

రాజమల్లుని కలిశాను. ప్రదర్శనకి ముందే అతను నా వైపు ఉండడం అవసరమనిపించింది. ఇప్పుడు నేత మానేసి వడోద్‌లో ఒక అపార్టుమెంట్ల సొసైటీ గేటు దగ్గర వాచ్‌మన్. చెవులు దాదాపు పోయాయి. ముప్పై ఏళ్ళు ఆ మోతలో ఉంటే పోక ఏమవుతాయి. అక్కడ అతన్ని ‘సచ్చిన రాజమల్లు’ అంటారట. పదేళ్ళ క్రితం మా సంఘం వాళ్ళు ఆ వాడలో నా నవల ఉచితంగా పంచారు. అందులో చచ్చే మల్లయ్య ఎవరో అందరూ పోల్చుకున్నారు, అప్పట్నుంచీ పేరు స్థిరపడింది. నేనొక మనిషిని సాహిత్యంలో శాశ్వతం చేస్తే, ఆ జనం దాన్ని ముద్దుపేరు చేసుకున్నారు.

నేను మాట్లాడుతుంటే నా నోటి వంకే చూస్తున్నాడు.

“సారు, మీ మీసాలు అడ్డమొస్తున్నయి,” అన్నాడు. “పెదువులు కనవడితెనే నాకు మాట తెలుస్తది. కార్ఖానాల పనిజేసినోళ్ళమంత గంతే. ఆడ ఎవలకు ఏమినవడది. నోరు జూసే మాట్లాడుకుంటం.”

మీసం పైకి పట్టుకుని మాట్లాడాల్సి వచ్చింది. ఒక సొసైటీ గేటు ముందు, పట్టపగలు, నేను.

“నీ కూతురు నీ చావుని నవ్వులపాలు చేసింది, తెలుసా?” అన్నాను.

“సూసిన సారు. మీరు సంపిండ్రు, అది లేపింది. ఎవలి మీద కోపం జెయ్యాలె?”

చదువు లేనివాళ్ళతో ఇదే చిక్కు. ప్రశ్నకి ప్రశ్న వేస్తారు. కాలర్ సంగతి ఎత్తలేదు. అతనికి గుర్తుంటే సిగ్గుపడతాడని నేనే ఊరుకున్నాను.

ఆగస్టు 12

ప్రదర్శనకి వెళ్ళను. నేను లేకుండానే వాళ్ళ కోపం వాళ్ళు చూపిస్తారు.

ఆగస్టు 16

ఓంప్రకాష్ కారులో వస్తానన్నాడు. వెళ్ళకపోతే భయపడ్డానంటారు.

ఆగస్టు 17

సాయంత్రం నాలుగింటికి వాడీ నిండిపోయింది. ఎర్రముసుగు వేసిన పెళ్ళి కుర్చీలు, గోడకి తెల్లదుప్పటి, రెండు పక్కలా బరాత్‌లకి వాడే స్పీకర్లు. నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు. పక్కన బుచ్చవ్వ అనే ముసలావిడ. డెబ్భై దాటి ఉంటాయి. మొగుడు పోయాక పద్దెనిమిదేళ్ళు కండెలు చుట్టిందట. కాళ్ళు పైకి ముడుచుకుని కుర్చీలో బాసింపట్టు వేసింది. ఈవిడ కన్నీళ్ళే నాకు చాలుననుకున్నాను.

సినిమా మొదలైంది. మల్లయ్య పడిపోయాడు. శేఠ్ గడియారం చూశాడు. బదిలీ రాలేదు. మల్లయ్య లేచాడు.

వాడీ అంతా నవ్వింది. వెనకనుంచి ఎవరో, “గా దినం మా అన్న గిట్లనే లేసిండు,” అన్నాడు. దానికి మళ్ళీ నవ్వారు. బుచ్చవ్వ నోట్లో పళ్ళు లేవు, ఆ సంగతి దాచుకోకుండా నవ్వింది. మొదట్లో తెలియక నవ్వుతున్నారు, లోతు తెలిశాక ఆగుతారనుకున్నాను. ఆగలేదు. మేనేజరు రాగానే ఈలలు. అతను తల ఊపినప్పుడల్లా ముందు వరుస పిల్లలు తలలు ఊపారు. ఓంప్రకాష్ నా వంక చూడకుండా చూడడానికి నానా అవస్థ పడ్డాడు. నేను అస్సలు కదలకుండా కూర్చున్నాను. మెడ కూడా.

తర్వాత పదకొండో అధ్యాయం వచ్చింది.

మగ్గాల మోత స్పీకర్లలో పూర్తిగా వదిలారు. కుర్చీలు వణికాయి. మేనేజరు నోటుపుస్తకంలో రాసుకుంటూ వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. మల్లయ్య చూశాడు. మగ్గం వదిలి పరిగెత్తి వచ్చాడు. కాలర్ పట్టుకున్నాడు. నోరు పెద్దగా తెరిచి ఏదో అన్నాడు. మాట లేదు, మోతే. మళ్ళీ అన్నాడు. మూడోసారి అన్నాడు. నా నాలుగు పేజీల సంభాషణలో ఒక్క ముక్క లేదు, కింద అక్షరాలైనా వెయ్యలేదు. నాకేమీ తెలియలేదు. కాని వాడీలో ఉన్నవాళ్ళందరి పెదవులూ తెర మీది పెదవులతో పాటు కదులుతున్నాయి. ఆడవాళ్ళవీ, మగవాళ్ళవీ. అంతమందిలో ఆ మాట తెలియనివాళ్ళం ఇద్దరమే. నేనూ, హజీరా ఇంజనీరూ.

మేనేజరు గట్టిగా తల ఊపాడు. కాలర్ సర్దుకుని, కళ్ళు ఒత్తుకుని, రాసుకుంటూ బయటికి పోయాడు. అతని చొక్కా వెనకవైపు జానెడు మేర లేదు. మల్లయ్య మగ్గం ఆపి, మోటారు బెల్టు పట్టాలో ఇరుక్కున్న గుడ్డముక్కని పీకి, చూసి, దాంతోనే చేతికంటిన గ్రీజు తుడుచుకున్నాడు.

ఇక్కడ ఎవరూ నవ్వలేదు. ఆ నిశ్శబ్దం నాకు నవ్వుకన్నా అసహ్యంగా ఉంది.

“ఏమంటున్నాడు?” అని బుచ్చవ్వని అడిగాను.

ఆవిడ ఆశ్చర్యంగా చూసింది, గోడ మీద గడియారం చూడడం రానివాణ్ణి చూసినట్టు. “ఎనుకకు పోకు సారూ, పట్టా ఉన్నది, అంగి చిక్కుతది అంటున్నడు. కనవడ్తలేదా బిడ్డా?”

చివర్లో ఎట్టకేలకు బదిలీ మనిషి వస్తాడు. మల్లయ్యకి ఇప్పుడు చావడానికి వీలుంది. బయటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, టీ తెప్పించుకుని, చావడం మర్చిపోతాడు. చప్పట్లు ఎంతసేపు కొట్టారో నాకు తెలియదు. నేను బయటికి వచ్చేశాను.

బయట రాజమల్లు కుర్చీలు ఒకదానిలో ఒకటి పేరుస్తున్నాడు. మీసం పట్టుకుని అడిగాను. ఆ రోజు నువ్వు నాతో అన్నది ఇదేనా అని.

“గంతే గద సారు. మీ అంగి ఎనుక అంచు పట్టాల వడ్డది. ఇంక జరంత ఉంటె చెయ్యి వోవు. గందుకే గల్ల వట్టి గుంజిన. వచ్చిండ్రు, రెండు నిమిషాలు లేరు, గండం గడిసింది అనుకున్న.”

“మరి ఇన్నేళ్ళుగా నాకెందుకు చెప్పలేదు?”

“చెప్పిన గద సారు, మూడుసార్లు. మీరు తలకాయ ఊపిండ్రు.”

ఆగస్టు 17, ఇంటికొచ్చాక

దుర్గాంబని అడిగాను, ఆ గంధం రంగు చొక్కా ఉందా అని. ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా వెళ్ళి, కుట్టుమిషను మీద కప్పి ఉన్నదాన్ని తీసుకొచ్చింది. పదమూడేళ్ళుగా నా కళ్ళముందే ఉంది.

కాలర్ దగ్గర ఏమీ లేదు. బొత్తాం కూడా ఊడలేదు. వెనక కుడివైపు అంచు జానెడు పోతే, వేరే గుడ్డ వేసి కుట్టింది. అతుకు చుట్టూ నల్లటి చార. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని గ్రీజు.

“నీకు తెలుసా?” అన్నాను.

“చిరిగింది వెనకాల గదండీ, నేనే గదా కుట్టాను. పుస్తకంలో మీరు కాలర్ అని రాశారు. కథ కదా, మార్చుకున్నారేమో అనుకున్నాను.”

“సభల్లో కూడా చెప్పాను గదా.”

“చెప్పారు,” అంది. అంతే.

ఆగస్టు 19

ఒకే సంఘటనకి రెండు అర్థాలుండవచ్చు. రక్షించిన చేతిలో కోపం ఉండకూడదని ఎక్కడుంది? అతను తనకి తెలియకుండానే ఒక వర్గం తరఫున పట్టుకున్నాడు. రచయిత చూసేది అదే.

ఆగస్టు 20

పై నాలుగు వాక్యాలు ఎంత రోతగా ఉన్నాయో ఇప్పుడు చదివితే తెలుస్తోంది. కొట్టెయ్యను. ఉండనీ.

ఆగస్టు 22

అంగీకార పత్రం చిత్తుప్రతి రాశాను. పదకొండు షరతులు వచ్చాయి. మొదటిది, మేనేజరు మెడలో స్ప్రింగు తీసివెయ్యవలెను. మూడోది, చొక్కా రంగు నీలం కాదు, గంధం. ఏడోది, మేనేజరు లోపల ఉన్నది రెండు నిమిషాలు కాదు, కనీసం పది.

దుర్గాంబ చదివి, ఏడోదాని దగ్గర వేలు పెట్టింది.

ఆగస్టు 25

పదకొండో అధ్యాయం మళ్ళీ చదివాను. నాలుగు పేజీల మాటలు, నడుస్తున్న నలభై మగ్గాల మధ్య, ఇద్దరు మనుషులు హాయిగా గుమ్మం దగ్గర కూర్చుని చెప్పుకున్నట్టు. పన్నెండేళ్ళలో ఒక్క విమర్శకుడు అడగలేదు, అంత మోతలో వీళ్ళు ఎలా వింటున్నారని. వాళ్ళని ఏమనగలను? వాళ్ళూ నాలాగే సెలవు రోజున వెళ్ళి చూసినవాళ్ళు. ‘నిశ్శబ్ద మగ్గాలు’ అని నేను పేరు పెడితే ఆహా అన్నారు.

సంఘంలో, విజయవాడలో, రిటైర్మెంట్ ఫంక్షన్‌లో, వియ్యాలవారింట్లో, ఎన్నిసార్లు చెప్పాను కాలర్ కథ. చెప్పినప్పుడల్లా అతని పట్టు బిగిసింది. మొదట పట్టుకున్నాడు, తర్వాత ఊపాడు, తర్వాత గోడకి నొక్కాడు. ఇంకో ఏడాది బతికిస్తే గొంతు పిసికేవాడు. నా చెయ్యి కాపాడిన మనిషిని అందరి ముందూ రౌడీని చేసి, ఆ రౌడీని క్షమించినందుకు శాలువా కప్పించుకున్నాను. అతన్ని పుస్తకంలో చంపి, పేరు కూడా పాడుచేశాను. సిగ్గుగా ఉంది. ఈ మాట రాయడానికి ఎనిమిది రోజులు పట్టింది.

హారతికి ఇదంతా ముందే తెలుసు. తండ్రి చెప్పే ఉంటాడు. తెలిసి కూడా నన్ను దొంగని చెయ్యలేదు, తల ఊపేవాణ్ణి చేసింది. అది ఎక్కువ దయో, ఎక్కువ శిక్షో నాకు తేలడం లేదు.

ఆగస్టు 28

షరతుల కాగితం చింపేశాను. కొత్తది రెండు వాక్యాలే. ‘ఈ సినిమా చూశాను. ఒక్క బొమ్మ కూడా మార్చకుండా పంపండి.’ ముప్పై నాలుగేళ్ళలో నేను రాసిన అతి చిన్న ఉత్తరం.

ఆగస్టు 30

పొద్దున్నే మీసం తీసేశాను. కాలేజీ రోజుల నుంచీ ఉన్నది. అద్దంలో పై పెదవి తెల్లగా, ఎవరో పరాయి మనిషిదిలా ఉంది. దుర్గాంబ చూసి, “ఇప్పుడు అచ్చం అతనిలా లేరు,” అంది. ఎవరిలా అని అడగలేదు.

వడోద్ వెళ్ళి ఉత్తరం హారతి చేతిలో పెట్టాను. చదివింది. మొహం పక్కకి తిప్పుకుని కాసేపు ఫోన్ చూసుకుంది. తర్వాత, “థాంక్యూ సార్. స్ప్రింగు గూడ ఉంచాల్నా?” అంది.

“ఉండనీ,” అన్నాను.

అక్కణ్ణించి సొసైటీ గేటు దగ్గరికి నడిచాను. రాజమల్లు ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. నా మొహం చూసి నవ్వాపుకోలేకపోయాడు. వచ్చినపని చెబుదామని దారంతా ఒక మంచి వాక్యం తయారు చేసుకున్నాను. వదిలేసి, “ఆ రోజు నా చెయ్యి కాపాడావు. నాకు తెలియలేదు,” అన్నాను. మెల్లగా, పెదవులు కనపడేలా.

అతను ఏదో అన్నాడు. రోడ్డు మీద టెంపోల మోత. అలవాటు కొద్దీ గొంతు లేకుండా, ఒట్టి పెదవులతో అన్నాడు.

నా తల అప్పుడే కిందికి దిగడం మొదలుపెట్టింది. ఆపాను.

“తెలియలేదు రాజమల్లూ. మళ్ళీ చెప్పు.”

మళ్ళీ చెప్పాడు. తెలియలేదన్నాను. వేలితో పెదవులు చూపించి, మూడోసారి, పిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. అప్పుడు తెలిసింది. కూసోండ్రి సారు, చాయ్ తాగుదాం అంటున్నాడు.

టీ ఒట్టి నీళ్ళలా ఉంది. రెండుసార్లు తాగాను.